సెయింట్ డెనిస్ బాసిలికా: పారిస్ వెళ్తే వదలొద్దు

పారిస్ మెట్రో 13వ లైన్ ఎక్కితే దాదాపు గుమ్మం ముందే దిగొచ్చు. ఫ్రాన్స్ రాజులు, రాణుల్లో చాలామందిని ఖననం చేసింది ఇక్కడే. చర్చిలోకి ఉచితమే గానీ సమాధుల వైపు వెళ్లాలంటే టికెట్ కొనాలి, తప్పకుండా కొనండి, అసలు చూడాల్సిందంతా అటే ఉంది. నన్ను అక్కడే నిలబెట్టేసింది మాత్రం 12వ లూయీ, ఆన్ దంపతుల సమాధి: పైన ఇద్దరూ మోకాళ్ల మీద ప్రార్థన చేస్తుంటారు, కింద అదే ఇద్దరు బట్టల్లేని శవాలుగా, పొట్ట కోసి కుట్టిన కుట్లతో సహా పాలరాతిలో పడుకుని ఉంటారు. ఆ కుట్లు దగ్గరగా చూస్తే ఒళ్లు జలదరించింది.

1793లో, ఫ్రెంచ్ విప్లవం రోజుల్లో, విప్లవకారులు ఈ సమాధులు తవ్వి ఎముకల్ని గోతుల్లో పడేశారు, శిల్పాలు చాలావరకు బతికిపోవడం మన అదృష్టం. రాణుల పాదాల దగ్గర చెక్కిన కుక్కపిల్లల్ని కూడా చూడండి, ఎంత ముద్దుగా ఉన్నాయో! ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, వేరే రోజు పెట్టుకోండి.