బ్లెండర్ కంపోజిటర్‌లో ఆటో లెవెల్స్: చాలాకాలం వాడాక

ఆటో లెవెల్స్ అంటే బొమ్మలోని నలుపు, తెలుపు హద్దుల్ని దానంతటదే సర్దడం. దీనికోసం 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో, రెండరైన బొమ్మల్ని నోడ్‌లు (ఒక్కో పని చేసే డబ్బాలు) తీగలతో కలిపి సరిదిద్దే కంపోజిటర్‌లో వెతికితే ముందు దొరికేది నార్మలైజ్ నోడ్. ఫ్రేమ్‌లోని కనిష్ఠ, గరిష్ఠ విలువలు పట్టుకుని వాటిని 0కి, 1కి సాగదీస్తుంది, అంతే. డెప్త్ పాస్‌కి, అంటే ప్రతి పిక్సెల్ కెమెరాకి ఎంత దూరమో చెప్పే బొమ్మకి, ఇది చక్కగా సరిపోతుంది. బ్లెండర్ రెండర్ ఇంజిన్ సైకిల్స్‌లో వస్తువేమీ లేని చోట డెప్త్ వెయ్యి కోట్లు చూపిస్తుంది. నార్మలైజ్ 10,000 దాటిన విలువల్ని లెక్కలోకి తీసుకోదు కాబట్టి మిగతా దృశ్యం దెబ్బతినదు.

రంగుల బొమ్మకి మాత్రం దీన్ని వాడొద్దు. ఇన్‌పుట్ ఒకే ఛానెల్, కలర్ తగిలిస్తే బూడిదరంగు బొమ్మ వస్తుంది. పోనీ ఆర్, జీ, బీ విడదీసి మూడు నార్మలైజ్‌లు పెడదామంటే ఒక్కోటీ ఒక్కోలా సాగి, సంజెవెలుగు షాట్‌లో ఆ వెచ్చదనమే పోతుంది. పైగా 60 విలువున్న ఫైర్‌ఫ్లై (రెండర్‌లో పొరపాటున వచ్చే అతి వెలుగు చుక్క) ఒక్కటి ఉన్నా చాలు, 0.8 దగ్గరున్న ముఖం 0.013కి పడిపోతుంది.

నిజంగా పనిచేసేది లెవెల్స్, ఆర్‌జీబీ కర్వ్స్ జంట. లెవెల్స్ నోడ్ బొమ్మని మార్చదు, దాని మీన్ (సగటు), స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో) కొలిచి ఇస్తుంది. దాన్ని ల్యూమినెన్స్‌లో, అంటే వెలుగు మాత్రమే కొలిచేలా, పెట్టండి. మల్టిప్లై యాడ్ మ్యాథ్ నోడ్‌తో స్టాండర్డ్ డీవియేషన్‌ని 2తో గుణించి మీన్ కలిపి, దాన్ని కర్వ్స్‌లోని వైట్ లెవెల్‌కి ఇవ్వండి. ఇంకో నోడ్‌లో మైనస్ 2తో గుణించి మీన్ కలిపి బ్లాక్ లెవెల్‌కి ఇవ్వండి. బ్లాక్ లెవెల్‌కి వెళ్లే దారి మధ్యలో, విలువని 0 కిందికి పోనివ్వని మాగ్జిమమ్ 0 మ్యాథ్ నోడ్ తప్పనిసరి. లీనియర్ డేటాలో హైలైట్లు డీవియేషన్‌ని పెంచేస్తాయి: మీన్ 0.18, డీవియేషన్ 0.25 అనుకుంటే, మాగ్జిమమ్ లేకపోతే బ్లాక్ లెవెల్ మైనస్ 0.32 అవుతుంది, వైట్ లెవెల్ 0.68. అప్పుడు అసలైన నలుపు 0.32కి లేచి బొమ్మంతా పొగ పట్టినట్టుంటుంది. చాలామంది ఇక్కడే తప్పు కర్వ్‌లో ఉందనుకుని దాన్ని లాగుతూ కూర్చుంటారు.

లెవెల్స్‌కి వెళ్లే తీగ మీద మాత్రమే ఆర్‌జీబీ టు బీడబ్ల్యూ (రంగుల్ని బూడిదరంగుగా మార్చే నోడ్), విలువల్ని 4 దాటనివ్వని మినిమమ్ 4 పెడితే ఫైర్‌ఫ్లైల బెడద తగ్గుతుంది. అసలు బొమ్మని ముట్టుకోనక్కర్లేదు. పైనా కిందా నల్లపట్టీలుంటే అదే తీగ మీద క్రాప్ కూడా వేయండి, లేకపోతే మీన్ పడిపోతుంది.

పెద్ద లోటు ఫ్లికర్, అంటే వీడియోలో వెలుగు ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మారుతూ ఉండటం. లెక్క ప్రతి ఫ్రేమ్‌కీ కొత్తగా జరుగుతుంది; ఎవరైనా తెల్లచొక్కాతో ఫ్రేమ్‌లోకి వస్తే చాలు, వెనక గోడ మసకబారుతుంది. న్యూక్ అనే మరో కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కర్వ్‌టూల్ విలువల్ని కీఫ్రేములుగా (ఏ ఫ్రేమ్‌లో ఏ విలువో) రాసి పెడుతుంది కాబట్టి తర్వాత నున్నగా చేసుకోవచ్చు. బ్లెండర్‌లో ఆ సౌకర్యం లేదు. అందుకే షాట్ మొదట్లో, మధ్యలో, చివర్లో విలువలు చూసుకుని, లెవెల్స్ తీగ తీసేసి, బ్లాక్, వైట్ లెవెల్స్‌లో అంకెలు చేత్తో వేయాలి. షాట్‌లో వెలుగు నిజంగానే మారితే ఆ మూడు చోట్లా కీలు పెట్టండి.

నా మార్కులు: స్టిల్స్‌కి నాలుగు, షాట్లకి రెండు, అయిదుకి.