‘స్టడీస్ ఇన్ పెసిమిజం’: పుస్తకం ఫ్రీ, ఖర్చంతా కాగితానిదే

జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్ రాసిన ఈ నిరాశావాదపు వ్యాసాల పుస్తకానికి పైసా పెట్టక్కర్లేదు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైట్‌లో ఉంది, దించుకోవడమే. టి. బెయిలీ సాండర్స్ ఇంగ్లిషులోకి తెచ్చిన పాత అనువాదం కాబట్టి కాపీరైటు బెడద కూడా లేదు. హైదరాబాద్‌లో సర్కారీ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లుండే అశోక్‌నగర్‌లో నాది జిరాక్స్ షాపు. ఏ-ఫోర్ మీద రెండు వైపులా కొడితే నలభై షీట్ల చిల్లర పట్టింది. స్పైరల్ వేసి, పైన ఒక ప్లాస్టిక్ షీటు పెట్టి కౌంటర్ మీద ఉంచుకున్నాను. మధ్యాహ్నం పూట పోరగాళ్లంతా చిక్కడపల్లి లైబ్రరీలోనో రీడింగ్ రూముల్లోనో ఉంటారు, గిరాకీ ఉండదు. చదివిందంతా ఆ టైములోనే.

ఇది ఆయన పెద్ద గ్రంథం కాదు. 1851లో వేసిన ‘పారెర్గా ఉండ్ పారలిపోమెనా’ అనే వ్యాసాల పుస్తకంలోంచి ఏరిన ముక్కలు. డిగ్రీలో ఫిలాసఫీ లేనివాళ్లకూ అర్థమవుతుంది. మొదటి వ్యాసం లోకంలోని బాధల మీద. సుఖం ఎక్కువా బాధ ఎక్కువా అని డౌటుంటే, ఒక జంతువు ఇంకో జంతువును తింటున్నప్పుడు ఆ రెండింటికీ ఎట్లా ఉంటుందో పోల్చుకొమ్మంటాడు. దీనికి ఎదురు మాట నాకింకా దొరకలేదు.

సంసారం దుఃఖమని మా ఊళ్లో అరుగు మీద కూర్చున్న ప్రతి ముసలాయనా అంటాడు, అది చెప్పడానికి జర్మనీ నుంచి ఒకాయన రావాలా అని మీకనిపించొచ్చు. తేడా ఎక్కడంటే, మా ముసలాయన అన్నీ తిట్టి చివరికి ‘అంతా పైవాడి దయ’ అని కండువా దులుపుకుని లేస్తాడు. ఈయన ఆ తలుపు కూడా మూసేస్తాడు.

ఆశ గురించి అసలు ముక్క ‘సైకలాజికల్ అబ్జర్వేషన్స్’ అనే వ్యాసంలో ఉంది. ఒకటి జరగాలన్న మన కోరికనూ, అది జరిగే అవకాశాన్నీ కలగాపులగం చేసుకోవడమే ఆశ అట. వెయ్యికి ఒక్క వంతు అవకాశం ఉన్నా, జరిగేట్టే ఉందనుకుంటామట. అన్నిసార్లూ భంగపడి కూడా చావని ఆశ మనిషిని చిత్రహింస పెట్టి మెల్లగా చంపుతుందంటాడు.

మా గల్లీలో కూర్చుని ఇది చదివితే తెలంగాణ గ్రూప్-1 పరీక్ష గుర్తు రాకుండా ఉంటుందా? 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ పడింది. అప్లై చేసింది 3.8 లక్షల మంది. పోస్టుకు ఏడువందల యాభై మంది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ అయింది, పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌నే తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. మూడుసార్లూ హాల్ టికెట్లు నా మెషిన్ మీదే తీసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మూడోసారికి కొత్త ఫొటో దిగిన ఒకతను పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ‘నుదురు ఎంత వెనక్కి పోయిందో చూడన్నా’ అని తనే నవ్వాడు.

షోపెన్‌హావర్ చెప్పినదాని ప్రకారం వీళ్లంతా కోరిక మైకంలో లెక్క మరిచినవాళ్లు కావాలి. ఇక్కడే ఆయనతో నాకు పేచీ. లెక్క వీళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ప్రిలిమినరీ కీ వచ్చిన రోజు రాత్రి మా షాపు ముందు నిలబడి వినండి. మల్టీ జోన్‌లో ఎన్ని, కేటగిరీకి ఎన్ని, పేపర్ ఎంత టఫ్, కటాఫ్ ఎక్కడ ఆగొచ్చు, అన్నీ నోటికే. ఆ రాత్రి మహబూబాబాద్ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒకమ్మాయి, రాసుకున్న కాగితం నా కౌంటర్ మీద పెట్టి మార్కులు కూడింది. రెండోసారి కూడింది. క్యాప్ పెట్టి పెన్ను బ్యాగులో వేసుకుంది. ‘నాకైతే రాదన్నా. మా కేటగిరీల ఉన్నయే వేళ్ల మీద లెక్కవెట్టేటన్ని. రేపు పొద్దున వస్త, ఆ టెస్ట్ సిరీస్ పేపర్లు తీసి పెడ్తవా?’ అంది.

కోరికనూ అవకాశాన్నీ ఆ పిల్ల ఎక్కడ కలిపింది? రెండిటినీ విడివిడిగా నా ముందే పెట్టింది. రాదని తెలిసీ పొద్దున పేపర్ల కోసం వచ్చేదాన్ని ఆశ అనకూడదంటే ఇంకేమనాలో ఈ పుస్తకంలో లేదు. ఆశ భ్రమ అనాలంటే ముందు ఎవరో ఒకరు భ్రమపడాలి కదా.

దీనికి ఆయన జవాబు నాకు తెలుసు. లోపల బతకాలనే గుడ్డి ఇచ్ఛ ఒకటుందని, మనల్ని నెట్టేది అదేనని, కారణాలు మనం తర్వాత అతికించుకుంటామని అంటాడు. అయి ఉండొచ్చు. కానీ చదివితే ఇచ్ఛ, మానేసి ఊరికి పోతే అదీ ఇచ్ఛే, ఏం చూపించినా ఇచ్ఛే అంటే ఇంక వాదించడానికి ఏం మిగిలింది?

పైగా ఆయన సంగతి చూడండి. పెద్ద గ్రంథం 1818 చివర్లో వచ్చింది. కొన్నవాళ్లు లేరు, కాపీలు చాలావరకు తుక్కు కాగితంలో కలిశాయి. 1820లో బెర్లిన్‌లో పంతం పట్టి, అప్పట్లో బాగా పేరున్న ఫిలాసఫీ ప్రొఫెసర్ హెగెల్ క్లాసు టైముకే తన క్లాసు పెట్టుకున్నాడు, వినేవాళ్లు పట్టుమని పదిమంది రాలేదు. 1844లో అదే గ్రంథాన్ని పెంచి మళ్లీ వేయించాడు, అప్పుడూ అంతే. 1851 నాటి వ్యాసాలకు పబ్లిషర్ డబ్బులివ్వలేదు, పది కాపీలిచ్చి సరిపెట్టాడు. 1853లో ఇంగ్లండ్ పత్రికలో ఒక వ్యాసం పడ్డాక గానీ పేరు రాలేదు. అప్పటికి అరవై అయిదేళ్లు. ముప్పై అయిదేళ్లు దిద్దుకుంటూ కూర్చున్న మనిషి ఆశను పిచ్చి అంటున్నాడు! డబ్బు దగ్గర కూడా అదే మొండితనం. 1819లో వాళ్ల సొమ్మున్న వ్యాపార సంస్థ చేతులెత్తేస్తే తల్లీ చెల్లెలూ వచ్చినకాడికి రాజీపడ్డారు. ఈయన ఒప్పుకోలేదు, ఆగి మొత్తం వసూలు చేసుకున్నాడు. చిట్టీలు మునిగిన మా వీధిలో ఇట్లాంటోడు ఒక్కడుంటే బాగుండేది.

అయితే ఒక మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. ముందే ఊహించుకుని పొందిన సంతోషం, అసలుది వచ్చినప్పుడు అందులోంచి కోతపడుతుందంటాడు. ఉద్యోగం వచ్చినవాళ్లు స్వీట్ బాక్సుతో షాపుకొస్తారు. సర్టిఫికెట్ల జిరాక్స్ ఎన్ని సెట్లు కావాలి, గెజిటెడ్ సంతకం ఎక్కడ దొరుకుతుంది, ఇవే మాటలు. నేననుకున్నంత సంబరం ఆ మొహాల్లో ఎప్పుడూ చూడలేదు. అడ్వాన్సు వాడేసుకున్న జీతం లాగా, ఒకటో తారీఖున చేతికొచ్చేది తక్కువే.

ఇక లోపాలు. ఆడవాళ్ల మీద వ్యాసం చెత్త, అంతకు మించి చెప్పను. మా గిరాకీలో సగం ఆడపిల్లలే, వాళ్ల ముందు పెట్టలేక ఆ పేజీలు తీసేసే బైండ్ చేశాను. ఆత్మహత్య మీద ఒక చిన్న వ్యాసముంది. దాన్ని నేరం అనేవాళ్లతో వాదిస్తాడు, అట్లాగని అదే దారి అని చెప్పడు. అయినా రిజల్ట్ వచ్చిన వారంలో ఈ పుస్తకం ఎవరడిగినా ఇవ్వను, కూర్చోబెట్టి చాయ్ తెప్పిస్తాను. చప్పుళ్ల మీద వ్యాసం మాత్రం సరదాగా ఉంటుంది. బండివాళ్లు కొరడా ఝళిపించే చప్పుడుకు ఆలోచన తెగిపోతోందని ఆయన గోల. సాయంత్రం ఆరింటికి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో నిలబెడితే ఇంకో సంపుటం రాసేవాడు.

మొత్తం మీద అయిదుకు మూడున్నర. అందులో ఒకటి మొదటి వ్యాసం చివరి పేజీకే. మనుషులు ఒకరినొకరు ‘తోటి బాధితుడా’ అని పిలుచుకోవాలని, అప్పుడే ఓర్పు, సహనం, పక్కవాడి మీద ప్రేమ ఇవన్నీ అందరికీ అవసరమని, అందరూ ఒకరికొకరు బాకీ అని గుర్తుంటుందని రాశాడు. లోకమంతా శత్రువులా రాసుకొచ్చిన మనిషి దగ్గర ఇది నేననుకోలేదు. ఆ ఒక్క పేజీ జిరాక్స్ కావాలన్నవాళ్లకు డబ్బులు తీసుకోవడం లేదు.

సొంతంగా ప్రింట్ తీసుకునేవాళ్లు హెచ్‌టీఎంఎల్ ఫైల్ దించుకోండి. ప్లెయిన్ టెక్స్ట్ అయితే లైన్లు మధ్యలో విరిగి కాగితం దండగ. చివర్లో సైటు వాళ్ల లైసెన్సు పేజీలు బోలెడుంటాయి, అవి వదిలేసి ప్రింట్ ఇవ్వండి.