రోమ్ 2: అసలు ఆటా, డివైడ్ ఎట్ ఇంపెరా మాడా?

2013లో వచ్చిన టోటల్ వార్: రోమ్ 2 ప్రాచీన కాలపు యుద్ధవ్యూహాల కంప్యూటర్ ఆట. డివైడ్ ఎట్ ఇంపెరా దాని మాడ్, అంటే ఆటను మార్చడానికి అభిమానులు చేసిన అదనపు ఫైళ్లు. ఆట కొన్నవాళ్లందరికీ రెంటిలో ఏది ఆడాలన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ఖర్చు: ఆట కొనాలి, మాడ్ ఉచితం.

యుద్ధాలు: అసలు ఆటలో వరుసలు త్వరగా చెదిరిపోతాయి. మాడ్‌లో చాలాసేపు నిలబడతాయి. పక్కనుంచి గుర్రపుదళం పంపడానికి ఆలోచించే సమయం దొరుకుతుంది.

సైన్యం: అసలు ఆటలో డబ్బుంటే చాలు, దళాలు వస్తాయి. మాడ్‌లో మనుషులు కూడా ఉండాలి. జనాభా నాలుగు వర్గాలు. దళం చేర్చుకున్నప్పుడల్లా ఆ ప్రాంతంలో ఆ వర్గం తగ్గుతుంది. శత్రుభూమిలో తిండి అందకపోతే సైన్యం కరిగిపోతుంది. రోమన్లపై గెలిచినా సైన్యంలో చాలామందిని పోగొట్టుకున్న గ్రీకు రాజు పిర్రస్‌కి ఆ గెలుపు ఎందుకంత భారమైందో నాకు ఇక్కడే అర్థమైంది. మాడ్‌ని నేను ఇష్టపడేది ఇందుకే.

ఓపిక: మాడ్‌లో, ఆటలో గడిచే ఏడాదికి నాలుగు టర్నులు (వంతులు). ఆట నెమ్మది, మొదట్లో టెన్షన్ ఎక్కువ.

రిస్క్: క్యాంపెయిన్ (మొదలుపెట్టిన పూర్తి ఆట) మధ్యలో మాడ్ అప్‌డేట్ అయితే పాత సేవ్ (దాచుకున్న ఆట) చెడిపోవచ్చు. బగ్ కనిపిస్తే "బాగాలేదు" అని వదిలేయకండి; ఏ రాజ్యంతో ఆడుతున్నారో, ఎన్నో టర్నో, ఇంకే మాడ్‌లు ఉన్నాయో రాసి, సేవ్ ఫైల్ జతచేయండి. చేసేవాళ్లు జీతం లేకుండా చేస్తున్నారు.

సిరీస్‌కి కొత్తవారు, వారానికి రెండు గంటలే దొరికేవారు అసలు ఆటే ఆడండి. ఒక క్యాంపెయిన్ పూర్తిచేసి, డబ్బు కుప్పలుగా మిగిలి విసుగొచ్చిందా? మాడ్ వేసుకోండి.