కొత్త ట్రైలర్ ఛాసిస్ పగిలితే: ఊళ్లో వెల్డింగా, తయారీదారు దగ్గర మార్పిడా, వినియోగదారుల కమిషనా – ఏది మేలు?

మామిడి కాలం దగ్గరపడే కొద్దీ బంగారుపాళ్యం, పాకాల, చంద్రగిరి వైపు రైతులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. కొని ఏడాదైనా నిండని ట్రాక్టర్ ట్రైలర్ ఛాసిస్‌లో, అంటే బరువంతా మోసే అడుగు చట్రంలో, పగులు కనబడింది. ఊళ్లోనే వెల్డింగ్ పెట్టించుకోవాలా, తయారుచేసిన వారి దగ్గరికే తోలుకుపోవాలా, లేక వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడగాలా? ఈ మూడింటిలో ఏది మేలో నాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక హద్దు గీసుకోవాలి. పక్క తలుపుల కీలు ఊడిపోవడం, మడ్‌గార్డ్ అతుకు విడిపోవడం వంటివి ఈ చర్చలోకి రావు. వాటికి పక్కనున్న వెల్డింగ్ షాపు చాలు. నేను మాట్లాడుతున్నది బరువు మోసే భాగాల గురించి, అంటే పొడవునా ఉండే రెండు ప్రధాన ఛానళ్లు, డ్రాబార్ (ట్రైలర్‌ను ట్రాక్టర్ హుక్కుకు తగిలించే ముందు కడ్డీ) వచ్చి ముందు అడ్డ ఛానల్‌కు కలిసే చోటు, కమాన్ కట్టలు (కుదుపును ఆపే స్ప్రింగ్ పట్టీల కట్టలు) కూర్చునే బ్రాకెట్ల గురించి. రెండు చక్రాల ట్రైలర్‌లో సరుకు బరువులో కొంత డ్రాబార్ మీదుగా ట్రాక్టర్ హుక్కు మీద పడుతుంది కాబట్టి గుంతల రోడ్డు మీద పడే ప్రతి కుదుపూ ఆ కలయిక దగ్గరే దెబ్బ కొడుతుంది. భాకరాపేట కనుమలో నిండు లోడుతో దిగుతున్నప్పుడు ఆ చోటు తెగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అందులోనూ చట్టం ఒప్పుకోకపోయినా పెళ్లిళ్లకూ జాతరలకూ ట్రైలర్లలో మనుషులను ఎక్కించుకుపోయే అలవాటు మన పల్లెల్లో ఇంకా పోలేదు. డ్రాబార్ దగ్గర పగులున్న బండిలో మనుషులను ఎక్కించడం ప్రాణాలతో చెలగాటమే.

ఊళ్లో వెల్డింగ్ వైపు మనసు లాగడానికి కారణం నాకు బాగా అర్థమవుతుంది. జూన్, జూలై నెలల్లో తోతాపురి కోతకు వచ్చాక బండి ఒక్క రోజు ఆగితే కాయ తోటలోనే మగ్గిపోతుంది. గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరుస ఎంత పొడవుంటుందో తెలిసిన రైతు ఇంటి దగ్గర మరో వారం పోగొట్టుకోవడానికి ఇష్టపడడు. పైగా ఖర్చు తక్కువ, పని సాయంత్రానికల్లా అయిపోతుంది. సరైన పద్ధతిలో చేస్తే ఆ అతుకు నిలుస్తుంది కూడా. పగులు ఎక్కడ ఆగిందో రంగు ద్రావణంతో వెతికి, ఆ కొసన చిన్న రంధ్రం వేసి, పగులును లోతుగా గాడి తీసి, ఆరబెట్టిన 7018 రకం వెల్డింగ్ రాడ్‌తో లోపలి నుంచి నింపుకుంటూ వచ్చి, పైన వేసే పట్టీ అంచులను ఏటవాలుగా కోయాలి. కానీ సీజన్ ఒత్తిడిలో సాధారణంగా జరిగేది వేరు. రంగు గీకి పగులు మీదుగా ఒక పూత లాగి, పైన నలుచదరపు పట్టీ పెట్టి చుట్టూ వెల్డింగ్ చేస్తారు. పట్టీ వేసిన మేర ఛానల్ బిగుసుకుపోతుంది, దాని నిలువు అంచు దగ్గర మాత్రం ఒత్తిడి పోగవుతుంది. మరుసటి పగులు సరిగ్గా ఆ అంచు పక్కనే మొదలవుతుంది. పట్టీ మీద పట్టీ పడ్డ ట్రైలర్లను మన రోడ్ల మీద చూస్తూనే ఉన్నాం.

అయినా నేను ఊరి వెల్డింగ్‌ను వెనక్కి నెట్టడానికి అసలు కారణం పనితనం కాదు, సాక్ష్యం. పగిలిన ఇనుము తన కథను తానే చెబుతుంది, గ్రైండర్ తగలనంతవరకే.

చంద్రగిరి వైపు ఒక రైతు కొత్త ట్రైలర్‌ను చూడటానికి వెళ్లినప్పుడు డ్రాబార్ కాలు అడ్డ ఛానల్‌కు కలిసే చోట, వెల్డింగ్ అంచు వెంబడి వేలెడంత గీత కనబడింది. డ్రాబార్ కింద జాకీ పెట్టి కొద్దిగా ఎత్తగానే ఆ గీత నోరు తెరుచుకుంది. టార్చి వేసి చూస్తే లోపల మూడు రంగులు స్పష్టంగా ఉన్నాయి. వెల్డింగ్ మొదట్లో ఇనుము ముఖం మీద నీలి పెయింటు, దాని తర్వాత గోధుమ రంగు తుప్పు, చిట్టచివర కొస దగ్గర మెరుస్తున్న తాజా లోహం. మెరుస్తున్న భాగం ఈ మధ్యే తెగినది, తుప్పు పట్టిన భాగం కొన్ని నెలలుగా గాలికీ నీటికీ తెరుచుకుని ఉన్నది. ఇక పెయింటు మాట. రైతు ఆ బండికి మళ్లీ రంగు వేయించలేదు, ఉన్నది షాపులో వేసిన రంగే. అది పగులు లోపలికి దిగిందంటే, రంగు వేసే నాటికే అక్కడ వెల్డింగ్ ఇనుముతో కలవకుండా సందు మిగిలిపోయిందని అర్థం. బండి షాపు గేటు దాటకముందే పుట్టిన లోపం అది. ‘లోడు ఎక్కువ వేశారు’ అన్న వాదన ఆ నీలి రంగు ముందు నిలవదు. ఊళ్లో వెల్డర్ గ్రైండర్ పెట్టి ఉంటే అయిదు నిమిషాల్లో ఆ మూడు రంగులూ రవ్వలై ఎగిరిపోయేవి, ఆ తర్వాత రైతు మాటకు ఎదురుగా తయారీదారు మాట మాత్రమే మిగిలేది.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా, ముందు పగులును ముట్టుకోకుండా పగటి వెలుతురులో దగ్గరగానూ దూరంగానూ ఫొటోలు, పక్కన టేపు పెట్టి వీడియో తీసుకోవాలి. ఛాసిస్ నంబరు పలక కూడా అదే వీడియోలో కనబడాలి. వీలైతే ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కళాశాల వంటి చోట మెకానికల్ అధ్యాపకుడి నుంచో, ఛార్టర్డ్ ఇంజనీరు నుంచో రాతపూర్వక అభిప్రాయం తీసుకోవాలి. కాటా చీటీలను, అంటే లోడు తూచినప్పుడు ఇచ్చే రసీదులను మాత్రం ఎవరూ పారేయవద్దని గట్టిగా చెబుతున్నాను. రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన బరువుకు లోబడే లోడు వేశారని ప్రతి ట్రిప్పుకూ తేదీతో సహా చెప్పే కాగితం అంతకు మించి మరొకటి లేదు. ఒకవేళ ఆ చీటీలే హద్దు మీరిన బరువు చూపిస్తే, తయారీదారుతో మాట్లాడే ముందే ఆ సంగతి తెలుసుకోవడం మంచిది.

ఇక తయారీదారు దగ్గరికి వెళ్లడం. మన ప్రాంతంలో ట్రైలర్లు చాలావరకు చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్లలో తయారవుతాయి. వారంటీ ఒక్కోసారి బిల్లు వెనక రెండు వరుసలకు మించదు. అయినా ఛాసిస్‌ను వంకర లేకుండా బిగించి అతికే జిగ్ వారి దగ్గరే ఉంటుంది. ఛానళ్లు మార్చాల్సి వస్తే ఇరుసు సమంగా కూర్చోబెట్టగలిగేదీ వారే. నా మొగ్గు ఈ దారి వైపే, కానీ ఒక షరతు మీద. బండిని వారి ఆవరణలో వదిలి, ‘రెండు రోజుల్లో చేసిస్తాం’ అన్న మాట పట్టుకుని ఇంటికి వచ్చేస్తే, అక్కడ జరిగేది కూడా పట్టీ వేసి రంగు పూయడమే కావచ్చు. అప్పుడు సాక్ష్యం వారి చేతుల మీదుగానే మాయమవుతుంది. అందుకే ముందు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాలి: పగులు ఎక్కడ, ఎప్పుడు కనబడింది, ఏ బిల్లు కింద కొన్నది, వెల్డింగ్ కాకుండా పగిలిన భాగాన్ని పూర్తిగా మార్చాలని కోరుతున్నట్టు. బండి అప్పగించేటప్పుడు చేయబోయే పని రాసిన కాగితం మీద వారి సంతకం తీసుకోవాలి, కోసి తీసిన ముక్కను తిరిగి ఇచ్చేయాలన్న మాట కూడా అందులో ఉండాలి. మనసులో తప్పు లేని తయారీదారు ఈ రెండింటికీ అడ్డు చెప్పడు. ముక్క ఇవ్వనని భీష్మించుకుంటే బండిని వెనక్కి తెచ్చుకుని మూడో దారి పట్టవచ్చు.

మూడో దారి వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చాక ఈ దారి రైతుకు చాలా దగ్గరైంది. బండి ఎక్కడ కొన్నా ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు కాబట్టి, తమిళనాడులోనో కర్ణాటకలోనో కొన్నవారు కూడా చిత్తూరులోనో తిరుపతిలోనో ఉన్న జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. తయారీదారు ‘వచ్చే నెల, పై నెల’ అంటూ తిప్పుతున్నంత మాత్రాన ఈ గడువు ఆగదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేస్తే కేసు దాకా పోకుండానే రాజీ కుదిరే అవకాశం ఉంటుంది, కాబట్టి దాన్ని ముందే ప్రయత్నించాలి.

రైతు వినియోగదారుడేనా అన్న సందేహం అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ రైతులకూ నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కూ నడిచిన విత్తనాల కేసులో 2012లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. విత్తనమంతా నేలలో చల్లేసిన రైతు పరీక్షకు నమూనా ఎక్కడి నుంచి తెస్తాడన్న మాటను కూడా కోర్టు ఆ కేసులో మన్నించింది. ట్రైలర్ విషయంలో ఆ వెసులుబాటు దొరకదు. వస్తువు కళ్లెదుటే ఉంది కాబట్టి, పగులును తుడిచేసిన వారిని కమిషన్ అడిగే ప్రశ్న మరోలా ఉంటుంది. సొంత పొలానికి వాడుకుంటూ అప్పుడప్పుడు బాడుగకు తోలినా, అది స్వయంగా బతుకుతెరువు కోసమైతే చట్టం ఒప్పుకుంటుంది. నాలుగైదు ట్రైలర్లు కొని డ్రైవర్లతో బాడుగలు నడిపేవారికి మాత్రం వాణిజ్య ప్రయోజనం అన్న అడ్డంకి ఎదురవుతుంది. వారికి తయారీదారుతో ఒప్పందమో సివిల్ కోర్టో తప్ప వేరే దారి కష్టం.

కమిషన్‌లో ఏమి అడగాలన్నది కూడా ఆలోచించి రాయాలి. 2006 నాటి మారుతీ ఉద్యోగ్ కేసులో క్లచ్ లోపానికి కారునే మార్చి ఇవ్వాలనడం సరికాదని, వారంటీ ప్రకారం లోపమున్న భాగం మార్చడమే సరిపోతుందని సుప్రీంకోర్టు చెప్పింది. తయారీదారుల వకీళ్లు ఈ తీర్పును తప్పకుండా ముందుకు తెస్తారు. దానికి నా సమాధానం ఇది: కారులో క్లచ్ ఒక భాగం, ట్రైలర్‌లో ఛాసిస్ తీసేస్తే మిగిలేది తొట్టి, చక్రాలే. ఈ వాదన రాసుకుంటూనే, కొత్త ఛాసిస్ లేదా ధర వాపసు, రెండింటిలో ఏదైనా ఇప్పించమని ఫిర్యాదులో అడగడం మంచిది. విచారణకు చట్టం చెప్పిన గడువు మూడు నెలలు, ప్రయోగశాల పరీక్ష అవసరమైతే అయిదు నెలలు. వాస్తవంలో అంతకన్నా ఎక్కువే పడుతుందని మానసికంగా సిద్ధపడాలి.

బీమాతో క్లెయిమ్ చేయడం, చవకగా అమ్మేయడం అన్నవి కూడా కొందరు అడుగుతారు. తయారీ లోపానికి వాహన బీమా వర్తించదు. పగులు దాచి అమ్మడం ఆ ప్రమాదాన్ని మరో కుటుంబం మీదికి నెట్టడమే, దాన్ని నేను ఎవరికీ సూచించను.

మొత్తం మీద నేను చెప్పే వరుస ఇది: మొదట ఫొటోలూ ఉత్తరమూ, ఆపై తయారీదారు చేత ఛాసిస్ మార్పిడి, అతను మొండికేస్తే కమిషన్. తయారుచేసినవారు షాపు ఎత్తేసి ఆచూకీ లేకుండా పోయినప్పుడు మాత్రమే ఊళ్లో వెల్డింగ్, అదీ పైన రాసిన పద్ధతి తెలిసిన వెల్డర్ చేత. ఈలోగా బ్యాంకు వాయిదాలు ఆపకూడదు. బండి పనికిరాకుండా పడి ఉందన్నది తయారీదారుతో తగాదా, బ్యాంకుతో కాదు. పగిలిన ట్రైలర్‌ను పక్కన నిలబెట్టి, కాయ తోలడానికి మరొకరి బండి బాడుగకు తీసుకుంటే ప్రతి ట్రిప్పుకూ రసీదు రాయించుకోవాలి. ఆ మొత్తాన్ని నష్టపరిహారం కింద ఫిర్యాదులో చేర్చవచ్చు.