నాలుగేళ్లుగా వాడుతున్న 4.50 మ్యాచ్ పెలెట్లు, వాటి బ్యాచ్ నంబర్ గొడవ

ఎయిర్ రైఫిల్ పోటీల్లో కొట్టే చిన్న సీసపు గుండ్లే ఈ పెలెట్లు; వాటి టిన్ను మూత మీద 4.50 అని, అంటే తల వ్యాసం మిల్లీమీటర్లలో, పెద్దగా ఉంటుంది. వెనక స్టిక్కర్ మీద చిన్న చిన్న అంకెల్లో బ్యాచ్ నంబర్ ఉంటుంది. ఈ పెలెట్లు వాడటం మొదలుపెట్టాక దాదాపు మూడేళ్లు ఆ రెండోదాన్ని నేను ఒక్కసారి కూడా చదవలేదు. దానివల్ల ఒక సీజన్ మొత్తం పోయింది. ఆ బాధ ఇంకా తగ్గలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ అంటే గాలి ఒత్తిడితో పేలే రైఫిల్‌తో పది మీటర్ల దూరంలోని టార్గెట్‌ని కొట్టే ఆట, అంతకు మించి దాని వివరాల జోలికి వెళ్లను. నా సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పేదంతా నా పరిస్థితుల్లోంచే చెబుతున్నాను. నాకు 34 ఏళ్లు, సికింద్రాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. 2012లో లండన్‌లో గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చినప్పుడు కాలేజీలో ఉన్నాను, హైదరాబాద్‌లో పెరిగినవాడు గెలిచాడని టీవీ ముందు నుంచి లేవలేదు. రైఫిల్ పట్టుకోవడానికి మాత్రం ఉద్యోగం వచ్చి నాలుగు డబ్బులు చేతిలో పడేదాకా ఆగాల్సి వచ్చింది. శని ఆదివారాలు రైఫిల్ పెట్టె భుజాన వేసుకుని ఎంఎంటీఎస్‌లో లింగంపల్లి దాకా, అక్కడి నుంచి ఆటోలో హెచ్‌సీయూ (హైదరాబాద్ యూనివర్సిటీ) క్యాంపస్‌లోని షూటింగ్ రేంజ్‌కి వెళ్తాను. వారం మధ్యలో ఇంట్లో డ్రై ఫైర్, అంటే పెలెట్ లేకుండా గురి, ట్రిగ్గర్ సాధన. రైఫిల్ సెకండ్ హ్యాండ్‌ది, నా కంటే ముందు ఒకరు దాంతో ఎన్ని వేల షాట్లు కొట్టారో.

ఈ పెలెట్లు నాకు మొదట్లో ఎంత నచ్చాయంటే, రేంజ్‌లో కనిపించిన ప్రతి జూనియర్‌కీ "కళ్లు మూసుకుని ఇదే కొనుక్కో" అని చెప్పేదాన్ని. అంతకుముందు వాడిన చవక పెలెట్లతో నా సగటు షాటుకి 10.1 (సరిగ్గా మధ్యలో పడితే 10.9) దాటేది కాదు. ఇవి మొదలుపెట్టిన నెలన్నరకే ప్రాక్టీసులో 60 షాట్లకి 618 వచ్చింది, అంటే షాటుకి 10.3. లోడ్ చేస్తున్నప్పుడు వేలికే తేడా తెలుస్తుంది, పెలెట్ బ్యారెల్ నోట్లోకి మెత్తగా, ప్రతిసారీ ఒకేలా దిగుతుంది. ఆ తృప్తి చెబితే అర్థమయ్యేది కాదు. ఇప్పటికి 40 టిన్నుల పైనే ఖర్చయ్యాయి. ఆ మెచ్చుకోలు ఇప్పటికీ వెనక్కి తీసుకోను, కానీ "కళ్లు మూసుకుని" అన్న మాట మాత్రం తీసుకుంటున్నాను. ఆ మాట నమ్మి కొన్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, కళ్లు తెరిచి కొనుక్కోండి.

జరిగింది ఇది. నిరుడు జూలైలో ఒక మ్యాచ్. పాత టిన్నులో ముప్పై నలభై పెలెట్లే మిగిలాయి, మ్యాచ్‌కి సరిపోవని పొద్దున్నే కొత్త టిన్ను విప్పాను. అదే కంపెనీ, అదే 4.50, అదే రంగు మూత. సైటర్స్‌లోనే, అంటే మ్యాచ్‌కి ముందు లెక్కలోకి రాని షాట్లలోనే, ఒకటి 9.6 పడింది, టెన్షన్ అనుకున్నాను. మ్యాచ్ మొదలయ్యాక 10.6, 10.5, వెంటనే 9.5, మళ్లీ 10.4, ఆ వెంటనే 9.7. అలా కొట్టినప్పుడు మనిషికి ఏమవుతుందో షూటర్లకి తెలుసు. ట్రిగ్గర్ వదిలిన క్షణంలో సైట్ పిక్చర్ (గురి చూస్తే కంటికి కనిపించేది) నల్లటి గుండ్రం మధ్యలోనే ఉంది, నేను చూశాను, కానీ స్క్రీన్ మీద చుక్క ఎనిమిది గంటల దిక్కున ఉంది. మరి కన్ను అబద్ధం చెప్పిందా, చెయ్యి అబద్ధం చెప్పిందా? ముప్పయ్యో షాటుకి నా హోల్డ్ (రైఫిల్‌ని కదలకుండా పట్టడం) మీద నాకే నమ్మకం పోయింది, ఆ తర్వాత చెత్త షాట్లు నిజంగానే నావి. 604తో బయటికొచ్చాను. స్టేషన్‌కి వచ్చే ఆటోలో ఏడ్చాను.

ఆ తర్వాతి ఆరు వారాలు తలుచుకుంటేనే ఎక్కువ బాధ. మ్యాచ్ ఒక్కరోజులో అయిపోయింది, ఈ ఆరు వారాలు నన్ను నేనే తప్పుపట్టుకుంటూ గడిపాను. జాకెట్ బిగుతు మార్చాను. బట్ ప్లేట్ (రైఫిల్‌లో భుజానికి ఆనే భాగం) ఎత్తు మార్చాను. శ్వాస ఎక్కడ ఆపాలో మార్చాను. కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాను, పవర్ ఏమీ మారలేదన్నారు. కోచ్ సార్ ఓపిగ్గా నా వెనక నిలబడి చూసి "ఫాలో త్రూ (షాటు తర్వాత కదలకుండా నిలబడటం) బాగానే ఉందమ్మా, మరి ఎక్కడ పోతోందో" అన్నారు. ఒక్క పెలెట్‌ని తప్ప ప్రపంచంలో అన్నిటినీ అనుమానించాను. ఎందుకంటే పెలెట్ మారలేదు కదా, మూత మీద 4.50 అనే ఉంది కదా!

కనిపెట్టింది నాన్న. నాన్న రిటైర్ అయ్యేదాకా సికింద్రాబాద్ పాట్ మార్కెట్లో బంగారం పని చేశారు. మిల్లీగ్రాము చూపించే త్రాసు, కంటికి పెట్టుకునే భూతద్దం ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. నేను ఈ ఆట మొదలుపెట్టినప్పటి నుంచి సాయంత్రాలు పెలెట్లు తూచి వేరు చేసిపెట్టడం ఆయన పని, నేను అడక్కుండానే తన మీద వేసుకున్నారు. ఒక రాత్రి అన్నం తిని నేను ముభావంగా కూర్చుంటే, పాత టిన్నులోవి నాలుగు, కొత్త టిన్నులోవి నాలుగు తెల్లకాగితం మీద పెట్టుకుని చాలాసేపు భూతద్దంలో చూశారు. తర్వాత, "అమ్మా, ఇవి రెండూ ఒక అచ్చులో తీసినవి కావు" అన్నారు. "తల దగ్గర అంచు చూడు. వీటికి గీసినట్టు పదునుగా ఉంది. వీటికి కొంచెం గుండ్రం తిరిగింది. పాత అచ్చు అరిగిపోయిందో, కొత్త అచ్చు ఎక్కించారో." టిన్నులు తిప్పి చూస్తే బ్యాచ్ నంబర్లు వేరు. త్రాసులో రెండిటి బరువూ ఒకటే, 0.53 గ్రాములకి ఒకటి రెండు మిల్లీగ్రాములు అటూ ఇటూ.

మ్యాచ్ పెలెట్ డమరుకం లాంటిది. ముందు తల, మధ్యలో సన్నటి నడుము, వెనక స్కర్ట్. గాలి ఒత్తిడికి స్కర్ట్ విచ్చుకుని వెనక్కి గాలి పోకుండా మూస్తుంది, తల బ్యారెల్ గాడుల్ని పట్టుకుని నిటారుగా సాగుతుంది. తల పట్టు సరిగ్గా లేకపోతే పెలెట్ లోపలే రవ్వంత ఒరుగుతుంది, ఆ ఒరుగు 10 మీటర్లు వెళ్లేసరికి కాగితం మీద కనిపిస్తుంది. 4.49కీ 4.50కీ తేడా మిల్లీమీటరులో నూరో వంతు, మన తలవెంట్రుక మందం కంటే ఎన్నో రెట్లు తక్కువ. మూత మీద రాసే సైజు ఆ కొలతకి పెట్టిన పేరు. బ్యాచ్ మారినప్పుడు నా బ్యారెల్‌కి అది ఎలా నప్పుతుందో ఆ పేరు చెప్పలేదు.

తర్వాతి శనివారం కోచ్ సార్‌ని బతిమాలి రైఫిల్‌ని వైస్‌లో (కదలకుండా బిగించి పట్టే పనిముట్టులో) బిగించి పేపర్ టార్గెట్ల మీద పది పది షాట్లు కొట్టాం. మనిషి చెయ్యి లేదు, గుండె దడ లేదు. నాన్న సన్నటి కొలతలు తీసే వెర్నియర్ తెచ్చారు. పాత బ్యాచ్‌తో మూడు గ్రూపులు (ఒక్కోటి పది రంధ్రాల గుంపు), అంచు నుంచి అంచుకి 5.7, 5.5, 5.9 మిల్లీమీటర్లు. పెలెటే 4.5 కదా, అంటే పది రంధ్రాలూ దాదాపు ఒకటే. కొత్త బ్యాచ్‌తో 8.6, 9.1, 7.9. ఆ కాగితాలు చూసి నాకు కోపం కంటే ముందు ఊరట కలిగింది. లెక్క చూడండి: పది రింగు అర మిల్లీమీటరు చుక్క, మధ్య నుంచి పావు మిల్లీమీటరు జరిగిన కొద్దీ ఒక దశాంశం పోతుంది. పాత బ్యాచ్‌తో వైస్‌లో వచ్చే అతి చెడ్డ షాటు 10.7 దగ్గర ఆగుతుంది. కొత్తదానితో రైఫిల్ రాయిలా నిలబడ్డా 10.0 పడొచ్చు. దానికి మనిషి ఊగడం కలిస్తే 9.5 రాక ఏమవుతుంది? 2018 నుంచి ఆడవాళ్లకి కూడా 60 షాట్లే, షాటుకి 0.2 పోయినా 12 పాయింట్లు.

కొన్న షాపుకి ఫోన్ చేసి పాత బ్యాచ్ నంబర్ చెప్పి, అవే ఉన్నాయా అని అడిగాను. "అన్నీ ఒకటే మేడమ్, సైజు అదే కదా" అన్నారు. వాళ్ల మీద కంటే ఆ స్టిక్కర్ మీదే నా కోపం. జర్మనీ నుంచో చెక్ దేశం నుంచో ఇంత దూరం వచ్చే సరుకు, ఆ అంకెల్ని మూత మీద పెద్దగా వేస్తే ఏం పోతుంది? చివరికి నాలుగు బ్యాచ్‌ల నుంచి ఒక్కో టిన్ను తెప్పించుకుని, అన్నీ వైస్‌లో కొట్టి, నా బ్యారెల్‌కి నప్పిన బ్యాచ్‌లో షాపులో ఉన్న పన్నెండు టిన్నులూ ఒకేసారి కొనేశాను. ఆ నెల ఇంట్లో కాస్త ఇబ్బంది అయింది. ఆశ్చర్యం ఏమిటంటే, నన్ను ముంచిన ఆ జూలై బ్యాచ్ మా రేంజ్‌లో ఒక జూనియర్ అబ్బాయి రైఫిల్‌లో 5.8 గ్రూపు కొట్టింది. మిగిలిన పెలెట్లు వాడికే ఇచ్చేశాను. కాబట్టి నేను "చెడ్డ బ్యాచ్" అనడం కూడా నా పాత బ్యారెల్ మాట్లాడిస్తున్న మాటే.

తూకం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని కూడా నేను గతంలో చాలా పొగిడాను. మంచి బ్యాచ్‌లో తూచినవీ తూచనివీ వైస్‌లో కొట్టి చూశాం, నాకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాన్న ముందు ఈ మాట ఎలా అనాలా అని తటపటాయించాను, ఆయనే కాగితాలు చూసి "అయితే తూకం మానేద్దాం, చూపు మాత్రం మానొద్దు" అన్నారు. స్కర్ట్ నొక్కుకుపోయినవి టిన్నుకి ఆరో ఏడో ఉంటాయి, అవి భూతద్దానికే దొరుకుతాయి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుతారు. మొదట్లో అమ్మ బియ్యం చాటలోనే ఏరేవారు, ఇది సీసం అని తెలిశాక అమ్మ ఇద్దర్నీ తిట్టింది, తిట్టడం న్యాయమే. ఇప్పుడు వేరే ట్రే ఉంది, పని అయ్యాక సబ్బుతో చేతులు కడగందే మంచినీళ్లు కూడా ముట్టం. పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇది మరీ పట్టించుకోండి. వానాకాలంలో టిన్ను మూత సరిగ్గా పెట్టకపోతే పెలెట్ల మీద తెల్లటి పొడి పడుతుంది, అలాంటివి నేను మ్యాచ్‌కి వాడను.

మరి కొనొచ్చా అంటే, నాలాగా సగటు 10.2, 10.3 దగ్గర ఉండి, వైస్ అందుబాటులో ఉన్నవాళ్లు కొనొచ్చు, ముందు ఒక్కో బ్యాచ్ నుంచి ఒక్కో టిన్ను మాత్రమే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఈ డబ్బు ఇప్పుడే అక్కర్లేదనిపిస్తోంది, చవక పెలెట్లతోనే హోల్డ్ కుదురుతుంది. నేను కూడా మామూలు ప్రాక్టీసుకి వాటికే తిరిగి వెళ్లాను, ఇవి మ్యాచ్‌కి రెండు వారాల ముందు నుంచే తీస్తాను. కొత్త రైఫిల్, కొత్త బ్యారెల్ ఉన్నవాళ్లకి ఏది నప్పుతుందో నేను చెప్పలేను.

పన్నెండులో నాలుగు మిగిలాయి. ఆ బ్యాచ్ ఇక రాదని షాపువాళ్లు చెప్పారు. రెండు కొత్త నంబర్లు తెప్పించాను, ఈ ఆదివారం వైస్ ఖాళీగా ఉంటుందని కోచ్ సార్ అన్నారు. నాన్న ఇప్పటికే వెర్నియర్ తుడిచి సంచిలో పెట్టారు.