ఇంట్లో సింఫనీ: బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ సమీక్ష

విశాఖపట్నంలో కర్ణాటక సంగీత కచేరీలకు కొదవ లేదు. కళాభారతిలో కూర్చుని విన్న వయొలిన్ కచేరీలు నా చెవికి మొదటి పాఠాలు. కానీ పెద్ద పాశ్చాత్య వాద్యబృందాన్ని ఎదురుగా వినాలనుకుంటే, ముంబైలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా దాకా ప్రయాణం కట్టవలసి వస్తుంది. అందువల్ల రికార్డుల మీదే ఈ సంగీతాన్ని ప్రేమించిన నేను, ఆరు నెలలుగా లాసన్స్ బే కాలనీలోని మా ఇంట్లో, బీథోవెన్ ఏడవ సింఫనీ రెండవ భాగాన్ని కంప్యూటర్‌లో స్వరం వెంట స్వరంగా పేర్చుకుంటున్నాను. అందుకు నేను వాడుతున్నది స్పిట్‌ఫైర్ ఆడియో సంస్థ ఉచితంగా అందిస్తున్న డిస్కవర్ అనే శబ్ద సంపుటి.

లండన్‌లోని మైడా వేల్ స్టూడియోలో, బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా కళాకారులు తమ తమ స్థానాల్లో కూర్చుని వాయించిన స్వరాలను విడివిడిగా రికార్డు చేసి దీనిని రూపొందించారు. 1909లో స్కేటింగ్ కోసం కట్టిన ఆ భవనపు గాలి ప్రతి స్వరంలోనూ కొంత ఉంటుంది. వయొలిన్లు ఎడమవైపు, మంద్రంగా పలికే పెద్ద తంత్రీ వాద్యాలైన బాస్‌లు కుడివైపు వాటంతట అవే వినిపిస్తాయి కనుక కొత్తవారికి సగం శ్రమ తప్పుతుంది. పూర్తిస్థాయి ప్రొఫెషనల్ కూర్పు సుమారు 600 గిగాబైట్లు ఉండగా ఇది దాదాపు 200 మెగాబైట్లే కావడంతో, 8 జీబీ మెమరీ ఉన్న నా పాత ల్యాప్‌టాప్‌లో సంగీతం పేర్చి రికార్డు చేసే రీపర్ సాఫ్ట్‌వేర్ లోపల తడబడకుండా నడుస్తోంది.

1813 డిసెంబరు 8న వియన్నాలో తొలిసారి వాయించినప్పుడే శ్రోతలు మళ్లీ వాయించమని అడిగిన ఈ భాగం ఒకే నడక మీద సాగుతుంది: ఒక దీర్ఘం, రెండు హ్రస్వాలు, మళ్లీ రెండు దీర్ఘాలు. మన ఛందస్సులో చెప్పాలంటే భగణం, దాని వెంట గగం. గురులఘువులు లెక్కపెట్టడం బడిలో నేర్చుకున్నవారికి ఈ లయ వెంటనే పట్టుబడుతుంది. మొదట వయొలిన్ కన్నా కింది స్థాయిలో పలికే వయోలాలు, చెల్లోలు, బాస్‌లు దానిని మంద్రంగా ఎత్తుకుంటాయి. తరువాత రెండవ వయొలిన్లు, ఆ పైన మొదటి వయొలిన్లు అందుకుంటాయి. నాలుగో ఆవృత్తికి ట్రంపెట్లు, టింపనీ అనే పెద్ద డోళ్లు కూడా చేరి బృందమంతా గళమెత్తుతుంది.

అసలు కష్టం ఈ పెరుగుదలలోనే ఉంది. ఆరంభంలో సుషిర వాద్యాలు కలిసి పలికే ‘ఎ మైనర్’ (A minor) స్వరసమూహం గట్టిగా మొదలై అత్యంత మృదువుగా సన్నగిల్లాలి. నేను మొదటి వారమంతా మీట నొక్కే వేగాన్ని సూచించే వెలాసిటీ అంకెలను మార్చుతూ కూర్చున్నాను. శబ్దంలో ఏ మార్పూ రాలేదు. పొట్టి స్వరాలకు మాత్రమే వెలాసిటీ పనిచేస్తుందనీ, సాగే స్వరాల బలం కీబోర్డు మీది మాడ్యులేషన్ వీల్ అనే చక్రం చేతిలో ఉంటుందనీ, ఎక్స్‌ప్రెషన్ అనే మరో నియంత్రణ మొత్తం శబ్దాన్ని పెంచి తగ్గిస్తుందనీ ఆ తరువాత తెలిసింది. 0 నుంచి 127 వరకు ఉండే ఆ అంకెల మీద గీత గీయడం మాని, చక్రాన్ని చేత్తో తిప్పుతూ రికార్డు చేసిన రోజున ఆరంభంలోని ఆ రెండు కొలతల (బార్ల) సంగీతం మొదటిసారి ఊపిరి తీసుకుంది. ఆ సాయంత్రం దానిని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

లోటు లెగాటోది. ఒక స్వరం నుంచి మరో స్వరానికి కమాను ఆపకుండా జారే ఆ కలయిక డిస్కవర్‌లో లేదు. ఒకే స్వరాన్ని పదేపదే పలికే ప్రధాన బాణీకి ఇది అడ్డు కాదు గానీ, దాని కింద వయోలాలు, చెల్లోలు పాడే రెండో రాగరేఖ ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్‌కు అలవాటుపడిన ఉత్తరాంధ్ర చెవి దీనిని క్షణంలో పట్టేస్తుంది. స్వరాల అంచులను కొద్దిగా ఒకదానిపై ఒకటి ఎక్కించి, కలిసే చోట చక్రాన్ని కాస్త తగ్గిస్తే అతుకు చాలావరకు మరుగవుతుంది, పూర్తిగా కాదు. మరొకటి, నేవీ డే సాయంత్రం ఆర్కే బీచ్‌లో బ్యాండు ట్రంపెట్లను దగ్గరగా విన్నవారికి ఇందులోని ట్రంపెట్లు హాలు చివరి నుంచి వస్తున్నట్టు అనిపించవచ్చు. మైకు దూరాన్ని మార్చుకునే వీలు ఈ చిన్న కూర్పులో లేదు.

స్వరపత్రం చదవడం కొంతైనా వచ్చి, ఒక మంచి హెడ్‌ఫోన్, చక్రం ఉన్న చిన్న కీబోర్డు ఉన్నవారు నిస్సంకోచంగా దీనితో మొదలుపెట్టవచ్చు. బీథోవెన్ రచనలకు కాపీరైటు లేదు కనుక స్వరపత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. అయితే ఒంటి వయొలిన్ ముందు నిలిచి బృందం తోడుగా సాగే కన్సర్టో చేయాలనుకునేవారు వేరే సంపుటి చూసుకోవాలి, ఎందుకంటే ఇందులోని తంత్రీ వాద్యాలన్నీ బృందాలే. నేను మాత్రం ఇంకా రెండో రాగరేఖ దగ్గరే ఉన్నాను. చెల్లోల పన్నెండో కొలతలో అతుకు ఇంకా వినిపిస్తోంది.