అద్దాల బీరువా: కొన్న ఎనిమిదేళ్లకు రివ్యూ

బీరువా ఇంటికి వచ్చిన రోజే రివ్యూ రాసుంటే ఐదుకి ఐదు ఇచ్చేదాన్ని. రంగు మెరిసిపోయింది, తలుపులు వెన్నలా జరిగాయి. కానీ పుస్తకాల బీరువా సంగతి వానాకాలాలు గడిస్తేగానీ తెలియదు. నాది 2017 జూన్‌లో కొన్నది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపువాళ్లు చేసిచ్చారు. పేరు రాయను, ఎందుకో చదివితే మీకే అర్థమవుతుంది.

ఎత్తు ఆరున్నర అడుగులు, వెడల్పు మూడు, లోతు పదిహేను అంగుళాలు, ఐదు అరలు, పక్కకి జరిగే అద్దాల తలుపులు. అప్పట్లో 14,500 తీసుకున్నారు. ఇరవై గేజ్ రేకు అని మాట్లాడుకున్నాం. వచ్చింది ఇరవై రెండు. గేజ్ నంబరు పెరిగేకొద్దీ రేకు పల్చనవుతుందని నాకప్పుడు తెలియదు. పైగా ఇరవై రెండు అనేసరికి ఎక్కువే ఇచ్చారని సంతోషపడ్డాను! రెండేళ్లకి మధ్య అర కిందికి వంగింది. ఒక్కో అరలో ముందు వరస, వెనక వరస కలిపి తొంభై పుస్తకాల దాకా పెట్టాను, బరువు యాభై కిలోలకి తక్కువుండదు. ఫోన్ చేస్తే "పుస్తకాలకని చెప్పారు గానీ ఇన్ని అని చెప్పలేదు మేడం" అన్నాడు. చివరికి మా వీధి వెల్డింగ్ అబ్బాయి ప్రతి అర కిందా ఒక ఇనుప పట్టీ వేసిచ్చాడు. ఆ తర్వాత వంగలేదు. మీరు చేయించుకునేటప్పుడు ఆ పట్టీ ముందే వేయించుకోండి.

నా దగ్గరున్నవాటిలో సగం మా నాన్నవి. గుడివాడలో గుమాస్తాగా చేసేవారు. వారపత్రికల్లో వచ్చే సీరియళ్లని వారం వారం చించి, వరసగా పేర్చి, దారంతో కుట్టించి కాలికో గుడ్డ బైండు చేయించేవారు. కథ మధ్యలో తలనొప్పి మాత్రల ప్రకటన, వెనక పేజీలో సగం వంటకం, వాటితో సహా. చందమామ సంపుటాలు కూడా అలాగే. అవన్నీ పల్చటి న్యూస్‌ప్రింట్, గోధుమరంగుకి తిరిగి అప్పడాల్లా విరుగుతాయి. విశాలాంధ్ర పుస్తకాల షాపులో కొన్న మాస్కో ప్రచురణలు వాటి పక్కనే ఉంటాయి, కాగితం ఇంకా తెల్లగానే ఉంది. ఒకే బీరువా, ఒకే గాలి. కాగితంలో శుద్ధి చేయని కలప గుజ్జు ఎక్కువుంటే అది లోపల్నుంచే మాడుతుంది, బీరువా ఏమీ చేయలేదు. అది బీరువా తప్పు కాదు కాబట్టి మార్కులు తగ్గించను.

గాలి విషయంలో మాత్రం తగ్గిస్తాను. "గాలి చొరబడదు మేడం, దుమ్ము రాదు" అన్నదే వాళ్ల గొప్ప. దుమ్ము నిజంగానే రాలేదు. కానీ విజయవాడ ఉక్కలో గాలాడకుండా మూసిపెడితే ఏమవుతుందో మొదటి ఆగస్టులోనే తెలిసింది. తలుపు తీస్తే ముక్కిన వాసన, బైండ్ల మీద బూడిదరంగు బూజు. దానికి తోడు బయటి గోడకి ఆనించి పెట్టాను, వానకి ఆ గోడ చెమ్మగిల్లుతుంది. నాలుగంగుళాలు ముందుకి జరిపించి, వెనక రేకుకి పైనా కిందా రంధ్రాలు వేయించాను. వాసన పోయింది. రంధ్రాలకి జాలీ కొట్టించాలన్న ఆలోచన రాలేదు, ఆ సంక్రాంతికి నిఘంటువు వెనక బల్లి గుడ్లు దొరికాయి. తర్వాత దోమల జాలీ అంటించాను.

అద్దాల వల్ల రెండు నష్టాలు. పడమటి కిటికీకి ఎదురుగా పెట్టడంతో ఎర్ర అట్టల వెన్నులు గులాబీ రంగుకి వెలిసిపోయాయి, కిటికీకి ముదురు కర్టెన్ వేశాక ఆగింది. రెండోది, చుట్టాలకి పుస్తకాలు కనిపిస్తాయి. "చదివి ఇచ్చేస్తాను వదినా" అని పట్టుకెళ్లిన ఆరు పుస్తకాల లిస్టు తలుపు లోపల అంటించి ఉంది. తాళం మాత్రం ఇప్పటికీ బాగా పనిచేస్తోంది. దానికి పూర్తి మార్కులు.

పురుగుల సంగతి. మొదట్లో అందరిలాగే అరకి నాలుగు కలరా ఉండలు వేసేదాన్ని. అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు పిల్లల డాక్టరు గారు చూసి తీసేయమన్నారు. కొందరు పసిబిడ్డలకి ఆ వాసన వల్ల రక్తకణాలు విరిగిపోయి కామెర్లు ముదురుతాయట. ఆ రోజే తీసేశాను, మళ్లీ వేయలేదు. ఇప్పుడు వస కొమ్ము పలుచటి గుడ్డలో మూటకట్టి పెడుతున్నాను. తంజావూరు సరస్వతీ మహల్‌లో తాళపత్రాల దగ్గర పెట్టే మూటల్లో కూడా వస ఉంటుంది. ఆరు నెలలకోసారి మారుస్తాను. అయితే ఏ మూటా దులపడానికి సాటి రాదు. రామబాణం పురుగుకి కావలసింది కదలని పుస్తకం, చెమ్మ, బైండులోని మైదా జిగురు. జిగురులో మైలుతుత్తం కలిపే బైండరు దొరికితే వదలకండి.

ఇక 2024 సెప్టెంబరు 1, ఆదివారం. మాది సింగ్‌నగర్. బుడమేరు వాగుకి గండ్లు పడి నీళ్లొచ్చాయి. గడపలోకి వచ్చేదాకా నమ్మలేదు. గంటలో మోకాళ్లు దాటాయి. మా ఆయన గ్యాస్ సిలిండరు, నేను మనవరాలి బట్టలు, ఇంటి కాగితాలు పట్టుకుని మేడమీద వాళ్లింటికి ఎక్కాం. పుస్తకాలు గుర్తులేక కాదు, చేతులు లేక. ఐదు రోజులు అక్కడే. నీళ్లు దిగాక కొలిస్తే గోడమీద మరక ముప్ఫై అంగుళాలు. బీరువా కాళ్లు నాలుగంగుళాలే. అంటే కింది రెండు అరలూ మునిగాయి.

తలుపు జరగలేదు. తలుపు జరిగే ఛానెల్ నిండా బురద. అద్దం పైకెత్తి ఊడదీశాక చూస్తే పుస్తకాలు రావు! తడిసి ఉబ్బి ఒకదాన్నొకటి బిగించేసుకున్నాయి, అర పక్కరేకు బయటికి పొంగింది. వెల్డింగ్ అబ్బాయే వచ్చి పక్కరేకు విప్పాడు. నూట డెబ్బైలో నిలబడ్డవి అరవై ఎనిమిది. నున్నటి కాగితం పుస్తకాలన్నీ ఇటుకలయ్యాయి, పేజీ విడదీస్తే అక్షరాలు ఊడొచ్చాయి. ఎవరో చెప్తే కొన్నిటిని ఎండలో పెట్టాను, విల్లులా వంగాయి. నీడలో, పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి మారుస్తూ, ఫ్యాన్ కింద ఆరబెట్టినవే బతికాయి. అన్నిటికన్నా బాగా నిలబడ్డవి ఏవనుకున్నారు? నాన్న కుట్టించిన సీరియళ్లు. మైదా కరిగి అట్టలు ఊడిపోయాయి గానీ దారం వదల్లేదు, ఒక్క పేజీ వరస తప్పలేదు. జిగురుతో అంటించిన కొత్త నవలలు మాత్రం పేకముక్కల్లా విడిపోయాయి.

బీరువా? పై మూడు అరలకి ఏమీ కాలేదు, నీళ్లలో ఐదు రోజులున్నా ఒరగలేదు. కింది రేకు తుప్పుపట్టి చిల్లులు పడింది. పౌడర్ కోటింగ్ పైపైన అందంగా కొట్టి అడుగున వదిలేశారని అప్పుడే కనిపించింది. రిపేరుకి ఫోన్ చేస్తే కొత్తది కొనమన్నారు. నేను ఇరవై అంగుళాల ఇనుప స్టాండు చేయించి దాని మీదికి ఎక్కించాను, 2,800 అయింది. పై అర అందుకోవడానికి స్టూలు కావాలి.

మొత్తం మీద ఐదుకి మూడు. తాళానికీ, దుమ్ముకీ, నిలబడినందుకూ. కింది అరలో ఇక పుస్తకాలు పెట్టను, మా ఆయన కరెంటు బిల్లుల ఫైళ్లకి ఇచ్చేశాను. 1998 నుంచీ దాచారు, ఒక్కటీ తడవలేదు. అవి అటక మీద ఉండేవి.